ఎర్రగుండె పిన్ను

బ్రీడా హెనెహన్ బతికినంత కాలం ఒక్క చుక్క తాగలేదు. ఆమె శవం మీంచి పిన్ను తీసేశారు. ఈ రెండే నిజాలు. తక్కినదంతా ఊరివాళ్లు నోటికొచ్చినట్టు కల్పించుకున్నది.

ఆమె మొగుడు మాలకీ ఈ విషయం మీద ఎవరితోనూ వాదించడు. వాదిస్తే అవతలివాడి దగ్గర కూడా ఏదో న్యాయం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. అతను పార పట్టుకుని రోడ్డు పక్క కాలువలో దిగి, రాత్రి వానకి కొట్టుకొచ్చిన ఆకులనీ బురదనీ ఎత్తి గట్టు మీద పోస్తున్నాడు. కుళ్లిన ఆకు బరువు. పార కింద చప్పుడు చేయదు. ఒక చోట అడ్డం తీయగానే నిలిచిన నీళ్లు గుటక వేసినట్టు కదిలి, దిగువకి పరుగెత్తాయి. మాలకీ అటు చూడలేదు. నీళ్లు పోతాయని అతనికి తెలుసు.

నాలుగు రోడ్ల కూడలి నుంచి చెరువు వంతెన దాకా ఉన్న రోడ్డు అతనిది. జిల్లావాళ్లదే, కానీ ముప్ఫై ఏళ్లుగా దాని గుంటలు పూడ్చేదీ, గట్టు మీద గడ్డి కోసేదీ, మంచు పడితే ఇసక చల్లేదీ అతనే. ఆ పనికి కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారిపోయింది. వేళ్ల పగుళ్లలో తారు దిగిపోయి, ఏ సబ్బుకీ రాదు. బ్రీడా ఉన్న రోజుల్లో శనివారం సాయంత్రాలు వెన్న రాసి రుద్దేది. తారు వెన్నకి కాస్త లొంగేది.

కోటు కాలరు లోపలివైపు, ఎవరికీ కనపడకుండా, ఆ పిన్ను ఉంది. చిటికెన వేలి గోరంత పిన్ను. మీద ఎర్రని గుండె బొమ్మ. తాగుడు ముట్టమని ప్రమాణం చేసినవాళ్లు పెట్టుకునేది. మాలకీ ప్రమాణం చేసినవాడు కాదు, కాబట్టి దాన్ని పైకి పెట్టుకునే హక్కు అతనికి లేదు.

పొద్దు నడినెత్తికి రాకముందే ఫెస్టీ తారు బండి తోలుకొచ్చి పక్కన ఆపాడు. కిటికీలోంచి తల బయటపెట్టి చాలాసేపు చూశాడు.

"ఒరేయ్ మాలకీ, గడ్డం గీశావేంట్రా! పెళ్లిచూపులా?"

"మా పిల్ల వస్తోంది. ఎట్నా."

"అదా! నేనింకా వంతెన అవతలి విధవరాలికి వల వేస్తున్నావేమో అనుకున్నా."

"ఆవిడకి పళ్లు లేవు."

"నీకు మాత్రం ఏడిశాయా?" ఫెస్టీ నవ్వాడు. మాలకీ నవ్వలేదు. ఫెస్టీ కూడా నవ్వు ఆపి, స్టీరింగు మీద బొటనవేలితో రాస్తూ, "గాల్వే పట్నం నుంచి ఇంత దూరం పనిగట్టుకుని... ఏదన్నా శుభమా?" అన్నాడు.

"వాళ్లమ్మ సంగతి."

ఫెస్టీ తల లోపలికి తీసుకున్నాడు. బండి గేరు మార్చుకుని వెళ్లిపోయాడు. బ్రీడా పేరు వచ్చిందంటే ఈ చుట్టుపక్కల అందరికీ ఎక్కడో ఓ పని గుర్తొస్తుంది.

పోయిన వారం పోస్టాఫీసుకి ఫోన్ చేసి తండ్రిని పిలిపించింది ఎట్నా. ఆ పిల్ల గాల్వే ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. అక్కడ డాక్టర్లు ఏదో పరీక్ష చేస్తున్నారట. తాగుబోతుల ఇళ్లలో పుట్టినవాళ్లని కొందరినీ, అలా కానివాళ్లని కొందరినీ పడుకోబెట్టి, నరాలకి వాడే మాత్ర ఇచ్చి, రక్తం తీసి చూస్తారట. ఎట్నా అందులో చేరింది. "నాన్నా, అమ్మకి ఏమైందో నాకిప్పుడు అర్థమైంది. వచ్చి చెప్తా" అంది. పోస్టాఫీసులో ఇంకో ముగ్గురున్నారు. మాలకీ "మంచిది" అని ఫోన్ పెట్టేశాడు. అప్పట్నుంచీ అతనికి నిద్ర సరిగ్గా లేదు. కోర్టు తీర్పు కోసం కూచున్నవాడిలా ఉన్నాడు.

బ్రీడా తాగలేదని మూడేళ్లుగా తను ఒక్కడే లోలోపల అనుకుంటున్న మాట ఇప్పుడు డాక్టర్లు అంటారు. అంతే కదా.

మధ్యాహ్నం మిస్ కుసాక్ సైకిల్ మీద వచ్చింది. ఊరి బడిలో పంతులమ్మగా చేసి మానేసినావిడ. మాలకీకీ బ్రీడాకీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. ప్రమాణం చేసినవాళ్ల సంఘానికి ఊళ్లో పెద్ద కూడా ఆవిడే. బూడిదరంగు కోటు మీద ఎర్రగుండె పిన్ను నిలువుగా, ఒక్క వెంట్రుకవాసి వంకర లేకుండా ఉంటుంది. మాలకీ కనపడితే రోడ్డుకి అవతలి అంచు పట్టి పోవడం ఆవిడకి అలవాటు. ఇవాళ అతను పార పట్టుకుని రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

ఆవిడ దిగింది. "మాలకీ! నీ గొంతు విని ఎన్నేళ్లయింది!"

"ఇంకా ఏమీ అనలేదు కదండీ."

"సరే, అను మరి."

"సాయంత్రం చీకటి పడే వేళకి మా ఇంటికి రండి పంతులమ్మగారూ."

"ఎందుకు?"

"మీరు తీసింది మీ చేత్తోనే మళ్లీ పెడుదురుగాని. సమాధి రాయి మీద. ఆదివారం పూజ అయ్యాక, అందరి ముందూ."

ఆవిడ చెయ్యి, చేతితొడుగుతో సహా, తన పిన్ను దగ్గరికి పోయింది. "నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా."

"రండి."

ఆవిడ సైకిల్ ఎక్కబోయి ఎక్కలేక, కాస్త దూరం నడిపించుకుంటూ వెళ్లింది. మాలకీ మళ్లీ కాలువలోకి దిగాడు.

బ్రీడా గార్వీల పిల్ల. గార్వీలంటే చాలు, ఊళ్లో ఇంకేమీ చెప్పక్కర్లేదు. తండ్రి పొలం తాగాడు, ఆవుల్ని తాగాడు, చివరికి ఇంటి కప్పు మీది రేకులు విప్పి అమ్ముకుని అదీ తాగాడు. పెద్దన్న కాలువలో తేలాడు. చిన్నన్న లండన్లో ఏ సందులో ఉన్నాడో ఎవరికీ తెలియదు. మొగాళ్లందరూ ఎంత తాగినా తూలకుండా నడిచేవాళ్లు. అదే వాళ్ల గొప్ప. "గార్వీ చేతిలో సీసా ఉన్నంతసేపూ కాలు తడబడదు" అని వాళ్లే చెప్పుకునేవాళ్లు. పన్నెండో ఏట బిషప్పు వచ్చి నుదుట నూనె రాసిన రోజునే బ్రీడా ప్రమాణం చేసింది. ఆ రోజు నుంచీ పిన్ను ఒంటి మీంచి దిగలేదు. పడుకునేటప్పుడు మాత్రం అంచు విరిగిన చిన్న పింగాణీ సాసరులో పెట్టి, పొద్దున్నే దాన్ని పెట్టుకున్నాకే పొయ్యి రాజేసేది. "నేను పెళ్లాడింది నిన్ను కాదు, ఆ పిన్నుని" అనేవాడు మాలకీ, అతనికి మాటలు ఇంకా తగ్గిపోని రోజుల్లో.

క్రిస్మస్‌కి రెండు కేకులు చేసేది. ఒకటి చుట్టాలకి, విస్కీ పోసి. రెండోది తనకి, చల్లని టీ పోసి. ఎవరింటికి వెళ్లినా, తియ్యని పదార్థం గిన్నె చేతికిస్తే, "ఇందులో ఏమైనా కలిపారా?" అని అడక్కుండా చెంచా ముంచేది కాదు. అడిగితే ఎదుటివాళ్లు నొచ్చుకున్నా సరే.

ఎట్నా తర్వాత మగపిల్లాడు పుట్టి, ఏడవకుండానే పోయాడు. బ్రీడాకి నిద్ర దూరమైంది. డాక్టర్ ల్యావెల్ పసుపు మాత్రలు రాశాడు. వాటి గురించి ఆమె చర్చి ఫాదరుని కూడా అడిగింది. "మాత్ర తాగుడు కాదమ్మా, వైద్యం" అన్నాడాయన. ఈ పల్లెల్లో అందరూ అలాగే అనుకునేవాళ్లు. ప్రమాణం సీసా వరకే. చక్కెర అప్పిచ్చినట్టు ఆడవాళ్లు నరాల మాత్రలు ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు, పూజ అయ్యాక చర్చి గోడ పక్కన, చేతిరుమాలులో చుట్టి. బ్రీడా మాత్రలు అయిపోయిన ఆదివారాల్లో మిస్ కుసాక్ సంచీలోంచి కూడా వచ్చాయి. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు.

"ఏమీ తెలియడం లేదు మాలకీ. నీళ్లు మింగినట్టే ఉంది" అనేది బ్రీడా. కాస్త గర్వంగా కూడా అనేది. డాక్టరు ఒక మాత్రని రెండు చేశాడు. తర్వాత నీలం మాత్రలు ఇచ్చాడు. ఏళ్లు గడిచాయి. చివరి చలికాలంలో నాలుక మడతపడేది. చర్చి మెట్ల దగ్గర ఒకసారి తూలి, రెయిలింగు పట్టుకుంది. అందరూ చూశారు. గార్వీ రక్తం, ఎంతకాలం దాగుతుంది, అన్నారు. వాసన వచ్చిందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. వాసన సంగతి ఎవరికి కావాలి?

ఒక ఆదివారం బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టి, ఓ నిమిషం నడుం వాలుస్తానని లోపలికి వెళ్లింది. మాలకీ పెరట్లోంచి వచ్చేసరికి గిన్నె మాడి, ఇల్లంతా పొగ. మంచం పక్కన నీలం మాత్రల సీసా; బ్రీడా మళ్లీ లేవలేదు.

శవానికి గోధుమరంగు బట్ట తొడిగి, చేతులకి జపమాల చుట్టారు. పిన్ను మాలకీయే పెట్టాడు. తారు వేళ్లతో ఆ గుడ్డకి గుచ్చడానికి చాలాసేపు పట్టింది. శవపెట్టె తెచ్చినవాళ్లతో మాట్లాడి తిరిగొచ్చేసరికి, జపం చెప్పించడానికి వచ్చిన మిస్ కుసాక్ అరచేతిలో ఉంది పిన్ను. "సంఘం పరువు మాలకీ. జనం ఏవేవో అనుకుంటున్నారు. నిజం దేవుడికి తెలుసు. అందాకా ఇది నీ దగ్గరుండనీ." గది నిండా మనుషులు. మోకాళ్ల మీద ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. మాలకీ చెయ్యి చాచి పిన్ను తీసుకున్నాడు. ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు.

ఇంకాసేపటికి కూడలిలో ఎట్నా బస్సు దిగింది. తల్లి నుదురు, తల్లి మెడ. తండ్రి చేతిలోంచి పార తీసుకుని భుజాన వేసుకుంది.

"ఇటివ్వు. నర్సమ్మ పార మొయ్యడమేంటి?"

"రోడ్డు పనివాడి కూతుర్ని కూడా కదా నాన్నా. ఎంత చిక్కిపోయావు! ఏం తింటున్నావసలు?"

"నువ్వొస్తున్నావని పంది మాంసం ఉడకబెట్టా. క్యాబేజీ మాడింది."

"నువ్వు మాడ్చని రోజేది?"

తిన్నారు. ఆమె ముక్కల్ని పళ్లెంలో అటూ ఇటూ జరిపిందే గానీ సరిగ్గా తినలేదు. కేకు ముక్క కోసి పెట్టాడు. అది కూడా అలాగే ఉండిపోయింది. మాలకీ తొందరపెట్టలేదు. పొయ్యిలో ఎండిన టర్ఫు మట్టిపెళ్లలు రెండు వేసి, కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"చెప్పు."

ఎట్నా చేతి మడత దగ్గర చొక్కా పైకి లాగింది. పసుపు తిరిగిన మచ్చ. "ఇక్కడ సూది పెట్టి ఉంచారు నాన్నా. మాత్ర ఇచ్చి, కొంచెం కొంచెంగా రక్తం తీస్తూ పోయారు. మనం కంగారుపడితే రక్తంలో ఊరే హార్మోను ఒకటుంటుందిట. ఆ మాత్ర పడితే అది దిగాలి. ఇంకోటి పైకి లేవాలి. నా పక్క మంచం మీద అథెన్రీ రైతుబిడ్డ ఒకడు. వాళ్లింట్లో ఏ తరంలోనూ తాగుడు లేదు. వాడు నోరు తెరిచి గుర్రు పెట్టి నిద్రపోయాడు. లేపితే ఆవు ఈనిందా అని అడిగాడు." కొంచెం నవ్వింది. "నేను లేచి కూచుని వాణ్ణి చూస్తున్నా. నిద్ర వస్తోందా అని డాక్టరమ్మ అడుగుతూనే ఉంది. రావట్లేదు, రావట్లేదు. రక్తంలో కూడా అదే తేలింది. ఒకటి దిగలేదు, ఇంకోటి లేవలేదు. కదిలీ కదలనట్టు."

"అంటే?"

"అంటే అమ్మ వైపు వాళ్ల ఒళ్లు ఆ మాత్రకి పలకదు. తాగుడుకీ అంతేనేమో అంటున్నారు. అందుకే చాలింక అని లోపల్నుంచి చెప్పేదేదో మాలో చెప్పదు. తాతయ్య తూలకపోవడం గొప్పా కాదు, ఏమీ కాదు. అమ్మ నీళ్లు మింగినట్టుంది అనేది చూడు, అది నిజమే. ఆమె తాగలేదు, కావాలని చేసిందీ కాదు. ఒకటి పలక్కపోతే రెండు వేసుకుంది, ఒంటికి మించిపోయేదాకా. డాక్టర్లయినా ఇంకా అనుకుంటున్నారంతే నాన్నా, ఇదే నిజమని ఎవరూ రాసివ్వరు. కానీ నాకు తెలుసు."

మాలకీ వంగి పొయ్యిలో నిప్పు ఎగదోశాడు. చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"చాలు. అది చాలు. కుసాక్ ముసల్దాన్ని రమ్మన్నాను. ఇంకాసేపట్లో వస్తుంది. ఈ మాటలే దాని ముందు చెప్పు. ఆదివారం నేనూ చర్చికొస్తా. అందరూ వినాలి."

ఎట్నా మొహం తెల్లబోయింది. "ఏం చెప్పాలి?"

"నీ రక్తంలో ఏం చూశారో అది."

"నా రక్తంలో." ఆమె చొక్కా చెయ్యి కిందికి దించి, గుండీ పెట్టుకుంది. "నాన్నా, అది అమ్మ రక్తం కాదు. నాది. ఈ మాట చర్చి గోడ పక్కన పడితే రేపు పొద్దుటికి గాల్వేలో ఉంటుంది. మా పెద్ద నర్సమ్మ సొంతూరు ఇక్కడికి రెండు ఊళ్ల అవతలే. మందుల బీరువా తాళం నా చేతికిస్తారా ఇంక? గార్వీల పిల్ల, చూసుకోండి అంటారు. అమ్మని చూసినట్టే చూస్తారు. నేను రెయిలింగు పట్టుకుంటే చాలు."

"నువ్వేం తప్పు చేశావని?"

"అమ్మేం చేసింది?"

మాలకీ కుర్చీని పొయ్యికి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంకోటి కూడా ఉంది" అంది ఎట్నా, కిటికీ వైపు తిరిగి. "నాకు అది పలకదని ఆ మంచం మీద తెలియలేదు. ముందే తెలుసు. అమ్మ పోయాక నిద్ర పట్టక, అమ్మ సీసాలో మిగిలినవి వేసుకున్నా. ఒకటి. తర్వాత రెండు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు నాన్నా."

కిటికీ అద్దంలోకే చూస్తూ చెప్పింది. మాలకీ ఆ అద్దంలో ఆమె కళ్ల కోసం వెతికాడు. అందులో పెరటి గోడా, గోడ మీద కాకీ తప్ప ఏమీ కనపడలేదు. మళ్లీ అడగలేదు. అడిగితే ఇంకో జవాబు రావచ్చు.

"సాయంత్రం బస్సుకే పోతాను. రేపు పొద్దున డ్యూటీ" అంది. ఆమె గిన్నెలు కడుగుతుంటే మాలకీ లేచి, తలుపు మేకుకి తగిలించిన ఆమె కోటు దగ్గరికి వెళ్లాడు. తన కాలరు లోపల్నుంచి పిన్ను ఊడదీసి, ఆమె కోటు ముందువైపు గుచ్చాడు. ఈసారీ చాలాసేపు పట్టింది. ఎట్నా చేతులు తుడుచుకుంటూ వచ్చి, కోటు తొడుక్కుని, కిందికి చూసుకుంది. తండ్రి చెంప మీద చెయ్యి పెట్టింది. "ఒక్క నిమిషం, మఫ్లరు తెచ్చుకుంటా" అని అమ్మ గదిలోకి వెళ్లి వచ్చింది, మెడ చుట్టూ గట్టిగా చుట్టుకుని, కొసలు కోటు ముందుకి వేలాడేసి.

కూడలి దాకా ఇద్దరూ నడిచారు. మాలకీ పొద్దున తీసిన కాలువలో నీళ్లు పారుతున్నాయి. "బాగా తీశావు నాన్నా" అంది. బస్సు వచ్చింది. ఎక్కి, వెనక సీటు దగ్గర నిలబడి, అద్దం మీద వేలితో ఏదో గీసింది. ఏం గీసిందో మసకలో తెలియలేదు. బస్సు వంతెన దాటి పోయింది.

ఇంటికి వచ్చేసరికి మిస్ కుసాక్ గేటు దగ్గర నిలబడి ఉంది. సైకిల్ గోడకి ఆనించి ఉంది. చేతితొడుగులు తీసేసి ఉన్నాయి.

"వచ్చాను మాలకీ. చెప్పు. నాది తప్పయితే అందరి ముందూ మోకాళ్ల మీద పడతాను. ఈ మూడేళ్లూ నేను మాత్రం సుఖంగా నిద్రపోయాననుకున్నావా?"

మాలకీ గేటు గడియ మీద చెయ్యి వేశాడు. తీయలేదు. మూడేళ్లు నోట్లో నానబెట్టిన మాటలు అక్కడే ఉన్నాయి. ఆవిడ ఆ మాటల కోసమే వచ్చింది. వింటే ఇప్పుడే నమ్మేసేలా ఉంది.

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదా?"

"లేదు."

ఆవిడ మొహంలో కంగారు మెల్లగా సర్దుకుంది. దాని చోట జాలి వచ్చి కూచుంది. అతని ముంజేతి మీద వేళ్లు వేసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "తెలుసులే నాయనా. నిజం తెలియడమే ఓ కష్టం. పోయినవాళ్లని దేవుడు క్షమిస్తాడు. నువ్వూ చర్చికి రా, మనసు తేలికపడుతుంది" అంది.

మాలకీ చెయ్యి లాక్కోలేదు. "ఈ మాట ఇంక నా దగ్గర ఎత్తకండి పంతులమ్మగారూ. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను. ఎవరడిగినా సరే" అన్నాడు. ఆవిడ తల ఊపి, సైకిల్ ఎక్కి వెళ్లిపోయింది, వచ్చినప్పటికంటే నిటారుగా.

లోపల పొయ్యిలో నిప్పు ఇంకా కణకణలాడుతోంది. బల్ల మీద కేకు ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. మాలకీ దుప్పటి కోసం బ్రీడా గదిలోకి వెళ్లి, లైటు వేశాడు. అలమర మీద, అంచు విరిగిన పింగాణీ సాసరులో, ఎర్రని గుండె పైకి కనపడేలా, తను ఎట్నా కోటుకి గుచ్చిన పిన్ను ఉంది.